సముద్రం పక్కన మురుగు, మన వాడలో మోరి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం మురుగునీటి మీదే ఉన్నాయి, అందులోనూ కొన్ని సముద్రం ఒడ్డు ఊళ్ల గురించి. వరంగల్‌కూ సముద్రానికీ ఏం సంబంధం అనుకోకండి, ఆడపిల్లల్ని అటు ఇచ్చినవాళ్లం, కొడుకుల్ని అటు ఉద్యోగాలకు పంపినవాళ్లం చాలామందిమే ఉన్నాం. ప్రజారోగ్య ఇంజినీరింగ్‌లో పనిచేసి రిటైరయిన మనిషిగా నాకు తెలిసింది చెబుతున్నాను. పేర్లు ఎవరివీ వేయలేదు.

ప్రశ్న: సార్, మా అమ్మాయిని చీరాల వైపు సముద్రం ఒడ్డు ఊరికి ఇచ్చాం. వాళ్లింట్లో పదిహేనడుగుల ఫిల్టర్ పాయింట్ (ఇసుకలోకి దింపిన పైపు బోరు) నీళ్లే తాగుతారు. దానికి పదడుగుల దూరంలోనే సెప్టిక్ ట్యాంకు ఉంది. అమ్మాయికి ఇప్పుడు నెలలు నిండుతున్నాయి. కాన్పుకు మా ఇంటికే తెచ్చుకున్నాం కానీ తర్వాత బిడ్డతో అక్కడికే వెళ్లాలి కదా. నలభై ఏళ్ల నుంచి ఈ నీళ్లే తాగుతున్నాం, మాకేమైంది అంటారు మా వియ్యపురాలు. నాకైతే టెన్షన్‌గా ఉంది. (హనుమకొండ)

జవాబు: మీ టెన్షన్‌లో న్యాయం ఉందమ్మా. సెప్టిక్ ట్యాంకు అంటే మురుగును శుద్ధి చేసే ఏర్పాటు అని చాలామంది అనుకుంటారు కానీ అది చేసే పని చాలా తక్కువ. గట్టిది అడుక్కి దిగుతుంది, నూనె, నురగ పైకి తేలతాయి, మధ్యలో ఉన్న నీళ్లు బయటికి పోతాయి, అంతే. ఆ పోయే నీళ్లలో క్రిములు బోలెడు ఉంటాయి. అసలు శుద్ధి జరిగేది ఆ తర్వాత, ఇంకుడు గుంతలోంచి నేలలోకి దిగేటప్పుడు, అది కూడా గాలి ఆడే పొడి నేల ఉంటేనే. అందుకే గుంత అడుగుకూ భూగర్భ జలానికీ మధ్య కనీసం రెండు మీటర్లు ఎడం ఉండాలని మా డిపార్ట్‌మెంటు పుస్తకాల్లో రాసుకున్నాం. మన వైపు చెల్క నేలల్లో చాలాచోట్ల ఆ ఎడం దొరుకుతుంది. చీరాల, బాపట్ల ఇసుకలో వానాకాలం నాలుగడుగులు తవ్వితే నీళ్లు పడతాయి, దొరువులు తవ్వి అలా పైపైన నిలిచే మంచినీళ్లు తోడుకుని పంటలు పండించుకున్న నేల అది. అలాంటి చోట ఇంకుడు గుంత నీళ్లలోనే మునిగి ఉంటుంది, గుంతలోదీ ఫిల్టర్ పాయింట్‌లోదీ ఒకటే నీరు అవుతుంది.

ఇసుక నీటిని తేటగా చేస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ మురుగులోంచి పుట్టే నైట్రేట్ నీళ్లలో కరిగిపోయి ఉంటుంది, టీ జాలి ఆకును ఆపుతుంది గానీ చక్కెరను ఆపదు కదా, అలాగే. దానికి రంగు, రుచి, వాసన ఏవీ లేవు.

నలభై ఏళ్ల మాటకు వస్తే, నలభై ఏళ్ల కింద ఆ ఇంట్లో లెట్రిన్ ఉందేమో మెల్లగా కనుక్కోండి. చాలా ఊళ్లలో అప్పుడు లేదు, ఉన్నా బకెట్‌తో పోసుకునే నీళ్లే. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫ్లష్, షవర్, వాషింగ్ మెషీన్, చుట్టుపక్కల నాలుగు ఇళ్లకూ నాలుగు ట్యాంకులు. నీళ్లు అవే కావచ్చు, మారింది వాటి మీద పడే బరువు.

ముందు టెస్ట్ చేయించండి. వియ్యంకుల ఇంటికి వెళ్లి మీ నీళ్లు బాగాలేవని నోటితో చెప్పే ధైర్యం నాకైతే లేదు, ఆ మాట రిపోర్టు చేత చెప్పించడం మేలు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుల్లో చేస్తారు, మీ అల్లుడిగారికి చెబితే శాంపిల్ ఇచ్చి వస్తారు. ఉత్త ఉప్పు, గట్టిదనం చూసి పంపించేస్తే ఒప్పుకోవద్దు, నైట్రేట్, ఈ-కోలై (మలం నుంచి వచ్చే క్రిమి) రెండూ అడగాలి. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, ఈ-కోలై 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదు, ఇవి మన దేశపు తాగునీటి ప్రమాణాలు. రిపోర్టు వచ్చేలోగా తెలుసుకోవాలంటే నల్లబడే సీసా టెస్టు ఉంది, చవక, నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు గది వేడిలో ఉంచితే క్రిములుంటే నల్లగా మారుతుంది. అది నైట్రేట్ సంగతి మాత్రం చెప్పదు.

ఇక్కడ అందరూ పొరబడే చోటు ఒకటుంది. కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి, నిజమే, కానీ నైట్రేట్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మామూలు యూవీ ఫిల్టరూ దాన్ని తీయలేదు, ఆర్వో తీస్తుంది. నైట్రేట్‌తో అసలు ప్రమాదం ఆరు నెలల లోపు పసిపిల్లలకు, అదీ ఆ నీళ్లతో పాలపొడి కలిపి పట్టినప్పుడు. రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి బిడ్డ నీలంగా మారుతుంది. తల్లిపాలు తాగే బిడ్డకు ఈ భయం దాదాపు లేదు. కాబట్టి అమ్మాయికి చెప్పాల్సిన మొదటి మాట తల్లిపాలు, రెండోది తప్పనిసరై పాలపొడి కలిపితే ఆర్వో నీళ్లతోనే, వాటినీ కాచి.

తర్వాత రిపేరు పని. ఫిల్టర్ పాయింట్‌ను ట్యాంకుకు వీలైనంత దూరంగా, నీళ్లు పారే వాలుకు ఎగువన మళ్లీ దింపించుకోవచ్చు, ఇసుకలో అది పెద్ద ఖర్చు కాదు. ట్యాంకు అడుగు సిమెంటు చేసి ఉందో లేదో చూడాలి, చాలాచోట్ల రింగులు దింపి అడుగు వదిలేసి దానికే సెప్టిక్ ట్యాంకు అని పేరు పెట్టేస్తారు. బయటికి వచ్చే నీళ్లను లోతుకు దింపకుండా, నేల మీదే సన్నని ఇసుకతో ఎత్తుగా దిబ్బ పోసి అందులోకి పంపితే కావాల్సిన పొడి నేల మనమే తయారు చేసుకున్నట్టవుతుంది. ఒక జాగ్రత్త, ప్లాస్టిక్ ట్యాంకు కొత్తగా పెట్టుకుంటే వానాకాలంలో పూర్తిగా ఖాళీ చేయించొద్దని చెప్పండి. కింద నీళ్లు పైకి తోస్తాయి, ఖాళీ ట్యాంకు పైపులు తెంచుకుని నేలలోంచి లేచి కూర్చుంటుంది.

ప్రశ్న: సముద్రం అంత పెద్దది, ఎలాగూ ఉప్పునీళ్లే. మురుగు తెచ్చి అందులో కలిపేస్తే క్రిములు చచ్చిపోవా? ప్లాంటు ఎందుకు? (పరకాల)

జవాబు: సగం నిజం తమ్ముడూ. ఉప్పు, ఎండ కలిసి చాలా బ్యాక్టీరియాను చంపుతాయి, వైరస్‌లు మాత్రం ఎక్కువ రోజులు తట్టుకుంటాయి. పైగా మనం కలిపేది సముద్రంలో కాదు, ఒడ్డున. అక్కడి నీళ్లు అంత తొందరగా లోపలికి పోవు. ముంబైలో వర్లీ, బాంద్రా దగ్గర మురుగును సముద్రం అడుగున సొరంగాల్లో మూడు కిలోమీటర్లకు పైగా లోపలికి తీసుకెళ్లి వదులుతారు. చిన్న ఊరికి అంత స్తోమత ఎక్కడిది, దగ్గర్లోని ఉప్పుటేరులోకో మొగలోకో వదిలేస్తారు. అక్కడ రోజూ ఆటుపోట్లు, ఆటుకు బయటికి పోయింది పోటుకు మళ్లీ ఊళ్లోకే వస్తుంది. ఆల్చిప్పలు రోజూ పదుల లీటర్ల నీళ్లు వడపోసుకుని బతుకుతాయి, నీళ్లలోని వైరస్ వాటి ఒంట్లో పోగవుతుంది. పచ్చిగానో సగం ఉడికించో తింటే వాంతులు, విరేచనాలు.

ప్రశ్న: సివిల్ ఫైనలియర్. పదివేల జనాభా ఉన్న కోస్తా ఊరికి మురుగునీటి శుద్ధి మా ప్రాజెక్టు. ఫ్రెండ్స్ అందరూ ఎస్‌బీఆర్, ఎంబీబీఆర్ అనే యంత్రాల ప్లాంట్లు అంటున్నారు, చెరువుల పద్ధతి పాతకాలపుదని గైడ్ గారు వద్దన్నారు. మీరేమంటారు? (కాజీపేట)

జవాబు: మీ గైడ్ గారితో నేను విభేదిస్తున్నాను, వైవాలో నా పేరు చెప్పకండి. ముందు లెక్క చూడు. మనిషికి రోజుకు 135 లీటర్లు ఇస్తే అందులో 80 శాతం మురుగుగా వస్తుందని పట్టుకుంటాం, పదివేల మందికి దాదాపు 11 లక్షల లీటర్లు, అంటే ఒక ఎంఎల్‌డీకి (రోజుకు పది లక్షల లీటర్లకు) కాస్త ఎక్కువ. వచ్చే మురుగులో బీవోడీ (మురికిని తినడానికి బ్యాక్టీరియాకు కావాల్సిన ఆక్సిజన్, అంటే మురికికి కొలత) లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాములు, 2017 కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం మెట్రో నగరాలు కాని చోట్ల దాన్ని 30కి, మల కోలిఫామ్‌లను (మలం నుంచి వచ్చే బ్యాక్టీరియాను) 100 మిల్లీలీటర్లలో వెయ్యి లోపుకి తేవాలి. యంత్రాల ప్లాంటు అర ఎకరం చోటులో ఈ పని చేస్తుంది, బాగా చేస్తుంది కూడా, కరెంటు ఉన్నంతసేపు. అందులో పనిచేసేది బ్యాక్టీరియా, వాటికి ఇరవై నాలుగు గంటలూ గాలి కొట్టాలి. తుఫాను వచ్చి మూడు రోజులు కరెంటు పోయిందనుకో, లేదా పంచాయతీ బిల్లు కట్టలేక ఆ గాలి కొట్టే బ్లోయర్ రాత్రిపూట ఆపేసిందనుకో, ట్యాంకులో నీళ్లు నల్లబడి కంపు కొడతాయి, మళ్లీ దారికి రావడానికి వారాలు పడుతుంది. మొదటి ఏడాది కాంట్రాక్టరు నడిపి తాళం చెవి పంచాయతీ చేతిలో పెట్టి వెళ్లిపోయాక పడావు పడ్డ ప్లాంట్లు నా సర్వీసులో కొన్ని చూశాను. మిషన్లు మంచివే, నడిపే మనిషి లేడు.

చెరువుల పద్ధతిలో మూడు రకాలు వరసగా ఉంటాయి. మొదటిది లోతైనది, గాలి లేకుండానే బురద కుళ్లుతుంది. రెండోది అంత లోతు ఉండదు, పగలు ఎండకు పాచి ఆక్సిజన్ విడుస్తుంది, దాన్ని పీల్చుకుని బ్యాక్టీరియా మురికిని తింటుంది. మూడోదాంట్లో ఎండ క్రిముల్ని చంపుతుంది. కోస్తాలో ఎండకు కొదవ లేదు, కరెంటు బిల్లు దాదాపు సున్నా. బదులుగా చోటు కావాలి, నీ ఊరికి రెండు నుంచి ఐదారు ఎకరాలు. గట్ల మీద గడ్డి కోయకపోతే దోమలు, గుర్రపుడెక్క చేరితే ఎండ లోపలికి దిగక మొత్తం చెడుతుంది. ఆఖర్న బయటికి పోయే నీళ్లలో పాచి ఎక్కువ ఉండి టెస్టులో ఇబ్బంది పెడుతుంది, అందుకని చివర జమ్ము, మెట్టతామర పెంచిన మడి ఒకటి పెట్టు. వీటన్నిటికీ గడ్డి కోసే ఇద్దరు మనుషులు చాలు, బ్లోయర్ రిపేరు చేసే మెకానిక్ కోసం పక్క జిల్లాకు ఫోన్లు చేయక్కర్లేదు.

ఇది పాతకాలపుదంటే అమెరికాలో ఆర్కాటా ఊరి సంగతి ప్రాజెక్టులో పెట్టు. కాలిఫోర్నియా ఉత్తరాన హంబోల్ట్ ఖాతం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. 1970లలో ఖాతం చుట్టూ ఊళ్లన్నీ కలిసి ఒకే పెద్ద ప్లాంటు కట్టుకుని సముద్రంలోకి పైపు వేయాలన్నది ప్రభుత్వ ఆలోచన. ఆర్కాటా వాళ్లు ఒప్పుకోలేదు, అక్కడి యూనివర్సిటీ ప్రొఫెసర్ల సాయంతో ప్రయోగాలు చేసి చూపించి, చెత్త డంపు, పాత కలప మిల్లులు ఉన్న చోటును చిత్తడి నేలగా మార్చి 1986లో తమ మురుగును అందులోంచి పారించారు. ఇప్పుడది 307 ఎకరాల పక్షుల ఆశ్రయం, జనం కెమెరాలతో వెళతారు. అక్కడా మామూలు ప్లాంటులో గట్టిది తీశాకే చిత్తడిలోకి పంపుతారు, క్రిముల్ని చంపే ఏర్పాటు కూడా వేరేగా ఉంది, అంతా మొక్కలే చేసేస్తాయని రాయకు.

పైపుల సంగతి మీ వాళ్లెవరూ ఆలోచించి ఉండరు. కోస్తా నేల చదును, వాలు దొరకదు, ప్రతి కొంత దూరానికీ పంపు పెట్టి ఎత్తిపోయాలి. పైపు నీటి మట్టం కింద ఉంటుంది కాబట్టి జాయింట్లలోంచి ఉప్పునీళ్లు లోపలికి వస్తాయి. సముద్రపు నీటిలో సల్ఫేట్ ఎక్కువ, గాలి ఆడని పైపులో అది హైడ్రోజన్ సల్ఫైడ్ అనే కుళ్లిన గుడ్ల వాసన విషవాయువు అవుతుంది, పైపు పైకప్పుకు అంటుకుని అక్కడి బ్యాక్టీరియా చేత గంధకామ్లంగా మారి సిమెంటును తినేస్తుంది. నా సలహా, ఇళ్ల దగ్గర ట్యాంకులు అలాగే ఉంచి, గట్టిది అక్కడే ఆపి, పై నీళ్లను మాత్రం సన్నని ప్లాస్టిక్ పైపుల్లో పంపే పద్ధతి తీసుకో. లోతు తవ్వక్కర్లేదు, జాయింట్లు తక్కువ. పంపుల కరెంటు ప్యానెల్ బోర్డు ఎత్తు మీద కట్టించు, 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన ఎంత ఎత్తున వచ్చిందో చదివి ఆ తర్వాత లెవెల్ వేయి.

ప్రశ్న: మా చిన్న మున్సిపాలిటీలో మురుగు ప్లాంటుకు స్థలం చూపిస్తే కాలనీవాళ్లు ధర్నా చేశారు, మార్చారు, ఇంకో చోట ఇంకొకళ్లు ధర్నా. ఆరేళ్లయింది. ఇలాంటి గొడవ మన దగ్గరేనా? (జగిత్యాల వైపు నుంచి)

జవాబు: ఆరేళ్లకే విసుగొస్తే ఎలా అన్నా, లాస్ ఓసోస్ కథ వినండి. అది కూడా కాలిఫోర్నియా సముద్రపు ఒడ్డే, పద్నాలుగు పదిహేను వేల జనాభా, ఇసుక దిబ్బల మీద కట్టుకున్న ఇళ్లు, ఇంటికో సెప్టిక్ ట్యాంకు, తాగేది ఆ ఇసుక కింది నీళ్లే. పైన హనుమకొండ అమ్మ అడిగిన సమస్యే, కాకపోతే ఊరంతటికీ. పై పొర నీళ్లలో నైట్రేట్ పెరిగిందని 1983లో అక్కడి నీటి బోర్డు ఇక సెప్టిక్ ట్యాంకులు చాలని ఆర్డరు వేసింది, 1988 నుంచి కొత్త ఇళ్లకు అనుమతులు ఆగిపోయాయి. ప్లాంటు కట్టుకోవాలి. ఎక్కడ? ఎంతలో? ఎవరి డబ్బుతో? 1998లో ఓటేసి ఊరి కోసం సొంత బోర్డు పెట్టుకున్నారు, ఆ బోర్డు ఊరి నడుమ స్థలం చూసి 2005లో పని మొదలుపెట్టింది, అదే ఏడాది జనం మళ్లీ ఓటేసి బోర్డు సభ్యులు ముగ్గుర్ని దించేశారు. తవ్విన గుంతలు అలాగే ఆగాయి. 2006లో ఆ బోర్డు దివాలా తీసింది. చివరికి కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్రభుత్వం చేతిలోకి తీసుకుని ఊరి బయట కట్టి 2016లో నడపడం మొదలుపెట్టింది. ఆర్డరుకూ ప్లాంటుకూ మధ్య 33 ఏళ్లు.

ఆ గొడవను పిచ్చి అని కొట్టిపారేయలేం. ప్రతి ఇంటి మీదా భారం పెద్దది, ఊళ్లో రిటైరైనవాళ్లు ఎక్కువ, స్థలమేమో ఊరి నడుమ. అయినా ఆలస్యం చేసినన్నాళ్లూ ఖర్చు పెరిగిందే గానీ తగ్గలేదు, పై పొర చెడిందని కింది పొరలోంచి తోడితే అందులోకి సముద్రం రావడం మొదలైంది. ఇప్పుడు శుద్ధి చేసిన నీళ్లను అక్కడ పారేయరు, నేలలోకే తిరిగి ఇంకిస్తారు, పొలాలకు, తోటలకు ఇస్తారు. అదే రాష్ట్రంలో ఆరెంజ్ కౌంటీ వాళ్లు 1976 నుంచే బాగా శుద్ధి చేసిన మురుగునీటిని బావుల్లోకి ఎక్కించి సముద్రపు నీళ్లు చొచ్చుకురాకుండా అడ్డుకట్ట వేసుకున్నారు.

మీ ఊరికి వస్తే, ధర్నా చేసిన కాలనీవాళ్లను ఒకసారి బస్సెక్కించి నడుస్తున్న ప్లాంటుకు తీసుకెళ్లి చూపించండి. కంపు కొట్టే ప్లాంటుకు తీసుకెళ్లినా పర్వాలేదు, ఎందుకు కొడుతోందో అక్కడి ఆపరేటరు చెబుతాడు, ఒప్పందంలో ఏం రాయించుకోవాలో వాళ్లకే తెలుస్తుంది.

ప్రశ్న: వరంగల్‌లో సెప్టిక్ ట్యాంకర్ మా ఇంట్లోంచి తీసుకెళ్లింది ఎక్కడ పోస్తుంది? (శివనగర్, వరంగల్)

జవాబు: వెళ్లాల్సింది అమ్మవారిపేట శుద్ధి కేంద్రానికి. మలవ్యర్థాల మీద సొంత నిబంధనలు తెచ్చిన నగరాల్లో మన వరంగల్ ముందు వరసలో ఉంది, 2016లోనే తెచ్చింది, మరుసటి ఏడాది ఆ కేంద్రం మొదలైంది. రోజుకు 10 వేల లీటర్ల సామర్థ్యం, బురదను ఆరబెట్టి, గాలి తగలకుండా కాల్చి బొగ్గుపొడిలా చేస్తారు. 10 వేల లీటర్లంటే రెండు మూడు ట్యాంకర్లు, 2011 లెక్కల్లోనే ఎనిమిది లక్షలు దాటిన నగరానికి అదొక్కటే ఎలా చాలుతుంది, అందుకే తర్వాత ఇంకొకటి కలిపారు. ట్యాంకు బురద మోరి నీళ్ల కన్నా పదింతలకు పైగా ఘాటు, ఒక్క ట్యాంకర్ రాత్రిపూట నాలాలో వదిలితే కింద చెరువు దాకా పాడు చేస్తుంది. కాబట్టి లైసెన్సు ఉన్న బండినే పిలవండి, ఎక్కడ పోస్తావని డ్రైవర్‌ను మొహం మీదే అడగండి, నాలుగొందలు తగ్గిస్తానన్నవాడిని ఇంకా గట్టిగా అడగండి.

మనిషిని మాత్రం ట్యాంకులోకి దించొద్దు. రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా దించితే 2013 చట్టం ప్రకారం అది నేరం, మొదటిసారికే రెండేళ్ల జైలు దాకా ఉంది. మనిషి చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. వాసన రావట్లేదు కదా అని దిగుతారు, హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు పనిచేయడం మానేస్తుంది, వాసన రాకపోవడమే అక్కడ ప్రమాదం.

ప్రశ్న: సెప్టిక్ ట్యాంకులో బ్యాక్టీరియా పౌడర్ వేస్తే పదేళ్లు తీయించక్కర్లేదని ఇంటికొచ్చి అమ్ముతున్నారు. కొనాలా? ఇంట్లో చిన్నపిల్లలు కూడా ఉన్నారు, వాసన వస్తోంది. (కరీంనగర్)

జవాబు: వద్దు. కావాల్సిన బ్యాక్టీరియా మనం రోజూ ఊరికే వేస్తూనే ఉన్నాం. పౌడర్ వేసినా అరగని బురద మిగులుతుంది, రెండు మూడేళ్లకోసారి తీయించాల్సిందే. యాసిడ్, ఫినాయిల్ డబ్బాలకు డబ్బాలు పోయడం తగ్గించండి, ఉన్న బ్యాక్టీరియా వాటికే చస్తుంది. వాసన వస్తోందంటే గాలి గొట్టం మూసుకుపోయిందో, మూత పగిలిందో చూడండి. మూత పగిలి ఉంటే ఇవాళే మార్పించండి, పిల్లలున్నారన్నారు కదా.